రెండు పేర్ల చెల్లితో ఫిలింనగర్ ఆసుపత్రికి

మా చెల్లి మేరీ సినిమాల్లో గ్రూప్ డాన్సర్. అక్కడ దాని పేరు మోనిక. మోకాలికి ఆపరేషన్ అంటే తోడుగా ఉండటానికి భీమవరం నుంచి రాత్రి రైలెక్కాను. సికింద్రాబాద్‌లో దిగితే యూసుఫ్‌గూడకు మెట్రో మారే పని లేదు. అక్కడి నుంచి కృష్ణానగర్‌లో దాని గదికి నడిచే వెళ్లాను.

టిఫిన్ చేసి ఆటో పిలిస్తే, ఫిలింనగర్‌కు నూట యాభై అన్నాడు. "గట్ల అనుమానంగ చూడకక్కా, చెక్‌పోస్ట్ కాడ ట్రాఫిక్ జర ఎక్కువున్నది," అన్నాడు డ్రైవర్. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, ఏం చేయను!

ఆసుపత్రిలో రికార్డులు చూసే అమ్మాయి, "వేరే ఆసుపత్రుల్లోని మీ పాత వివరాలు తెప్పించి ఇక్కడ కలుపుతాం మేడమ్. మీరు ఒప్పుకుంటే, పేరు తీసేసి డాన్సర్ల మోకాళ్ల మీద పరిశోధనకూ ఇస్తాం," అంది. నాకు ఒళ్లు మండింది. "ఎవరికి అమ్ముకుంటారమ్మా?" అని అడిగేశాను. చెల్లి నా చెయ్యి గిల్లింది. "పరిశోధనకు ఇవ్వొద్దక్కా. మోకాలు పోయిందని షూటింగులకు డాన్సర్లను పిలిచే కోఆర్డినేటర్‌కి తెలిస్తే ఇంక పిలవడు."

ఆ అమ్మాయి ఎంత వెతికినా పాత వివరాలేవీ దొరకలేదు. తొంగి చూస్తే తెర మీద 'మోనిక, ఇరవై ఆరు' అని ఉంది. కృష్ణానగర్‌లో అందరూ చేసే పనే! అవకాశాల కోసం పేరు మార్చి, వయసు తగ్గించి, చివరికి ఆసుపత్రిలోనూ అదే చెబుతారు. పాత నర్సింగ్ హోమ్‌లో మాత్రం ఆధార్ ఇచ్చి మేరీ అనే రాయించుకుంది.

"రహమత్‌నగర్ నర్సింగ్ హోమ్‌లో ఇంజెక్షన్ పడక గొంతు వాచిపోయిందే, ఆ మందేంటి?"

"గుర్తులేదక్కా."

"మళ్లీ అదే ఎక్కిస్తే చచ్చిపోతావే పిచ్చిమొహమా!"

ఏడుస్తూనే ఆధార్ తీసింది. రెండు చోట్లా మందుల వివరాలు ఒకే పద్ధతిలో రాస్తారట, వెంటనే కలిసిపోయాయి. ఆపరేషన్‌కు ముందు ఇవ్వాలని రాసిన యాంటీబయాటిక్ పక్కన ఎర్రటి హెచ్చరిక వచ్చింది. డాక్టరు మందు మార్చారు.

పరిశోధనకు ఇచ్చే అనుమతి వేరని, ఇవ్వకపోయినా వైద్యం ఆగదని అన్నారు. పేరు తీసేసినా వయసుని బట్టి పోల్చుకోరా అని నేను అడ్డం తిరిగాను. వయసు కూడా విడిగా వేయరని, అయిదేళ్ల గుంపుల్లో కలిపేస్తారని ఆ అమ్మాయి చెప్పింది. "ఇవ్వనీ అక్కా, కొత్తగా వచ్చే పిల్లల మోకాళ్లయినా మిగులుతాయి," అంది చెల్లి. నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. మనసు మారితే అనుమతి వెనక్కి తీసుకోవచ్చా, ఎలా అని అడిగి తెలుసుకున్నాకే ఊరుకున్నాను. మీరూ అడగండి. అన్నిటికన్నా ముందు, ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆధార్‌లో ఉన్న పేరే చెప్పండి.

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు పేరు, వయసు అడిగింది. "మేరీ. ముప్పై ఒకటి," అని చెల్లి గట్టిగా చెప్పింది. సినిమావాళ్లెవరైనా విన్నారేమోనని నేనే అటూ ఇటూ చూశాను.