జగిత్యాల మెట్ల మీద

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన ఆ యేళ్లలో నేను సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టరును. పని పోయిన నేత ఇళ్ల నుంచి, గల్ఫుకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ల ఇళ్ల నుంచి, పురుగుల మందు తాగినవాళ్లను మోసుకొచ్చేవాళ్లు. కొందరు బతికేవారు. బతకనివాళ్ల మొహాలు నాతో ఇంటిదాకా వచ్చేవి. నిద్ర పోయింది, నోరు పెరిగింది. ఫ్యాను చప్పుడు చేసినా గయ్యిమని లేచేవాణ్ణి.

మా ఆవిడది కోరుట్ల. మాట దాచుకోదు. "నిన్ను జూస్తనే పేషెంట్లకు బీపీ లేస్తున్నది. జెర నువ్వు గూడ ఓ డాక్టరుకు సూపిచ్చుకోరాదు," అన్నది.

చూపించుకోవడమా! డాక్టరుకే మనసు బాగాలేదని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? కరీంనగర్ పోతే సగం సిరిసిల్ల అక్కడే కనబడుతుంది. అందుకని జగిత్యాల పోయాను. తీరా మానసిక వైద్యురాలి ఆసుపత్రి మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

"మా కోసమే అచ్చిండ్రా సారూ!"

మా దవాఖానకు వచ్చిన బోయినపల్లి ఆమె. మస్కటు నుంచి వచ్చినప్పటి నుంచి భర్త ఎవరితోనూ మాట్లాడటం లేదంటే, ఇక్కడికి తీసుకుపొమ్మని చెప్పింది నేనే. నా గోలలో పడి ఆ సంగతే మరిచిపోయాను. ఆయన మెట్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"లోపటికి రానంటున్నడు సారూ. పొద్దటి సంది గిదే లొల్లి. మీరన్న చెప్పుండ్రి."

"నాకేం పిచ్చి లేదు. నడువు, ఇంటికి పోదాం," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

ఎంత మంచి సాకు దొరికింది నాకు! అవునమ్మా, మీ కోసమే వచ్చానంటే నా పరువు నా దగ్గరే ఉంటుంది. కానీ నేనే దాక్కుంటే ఆయన కూడా తిరుగు బస్సెక్కుతాడు. రేపు ఆయన్ను కూడా ఏ స్థితిలో నా ముందుకు మోసుకొస్తారో!

"మీ కోసం గాదమ్మా. నా కోసమే అచ్చిన," అన్నాను.

ఆమె నోరు తెరిచి చూసింది. ఆయన తలెత్తాడు. "డాక్టర్లకు గూడ గిట్లయితదా?"

"ఎందుకు గాదు? డాక్టరుకు జరం రాదా ఏంది? నిద్ర వడ్తలేదు. ఊకె కోపమస్తది. బాత్రూంల కూసోని ఏడుస్తున్న."

ఆ చివరి ముక్క మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆయన గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు.

"అయితె మీరు ముంగట పోండ్రి. నేను సూస్త."

అరే, ఇరికించాడే! ఇక తప్పేదేముంది, పోయాను. చెప్పాల్సినవన్నీ దారంతా కూడబలుక్కునే వచ్చాను. తీరా నా చేతుల్లో పోయిన ఒక నేత కార్మికుడి పేరు నోటికి రాగానే బోరుమన్నాను. ఆ డాక్టరమ్మ తొందరపెట్టలేదు. మంచినీళ్లిచ్చి, నేను మళ్లీ మాట్లాడేదాకా ఊరుకుంది.

బయటికి వచ్చేసరికి ఆయన మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నా కళ్లలోకి చూశాడు.

"ఏడ్సిండ్రా సారూ?"

"ఏడ్సిన."

"మరి ఆమె ఏమన్నది?"

"ఏమనలే. ఇన్నది. మల్ల రమ్మన్నది."

ఆయన భార్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను. చెప్పులు విడిచి, ఒక్కడే లోపలికి పోయాడు.