గింజకు తల్లి పేరు

నాలుగేళ్ళ కిందటి రబీ. అల్లూరు దగ్గర ఒక వరి పరిశోధన క్షేత్రంలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి రెండు నెలలయింది. చుట్టూ రొయ్యల గుంటలు, పొలాల్లో ఉప్పు. ఉప్పును ఓర్చే అడవి వరితో మా ఊరి వరిని కలపడం మా పని.

దాన్ని క్రాసింగ్ అంటాం. తల్లిగా ఎంచిన మొక్క కంకిలో ఒక్కో పువ్వు కొన కత్తిరించి, పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు తండ్రి మొక్క పుప్పొడి దులపాలి. అడవి వరి ఒకసారి తల్లి, ఒకసారి తండ్రి; రెండు రకాలుగానూ చేస్తాం. కత్తెర పని కూలికి వచ్చే మరియమ్మక్కది. ఏది తల్లో ఏది తండ్రో కంకికి కట్టే ట్యాగు మీద రాయడం నాది.

కోతయ్యాక ట్యాగుల ప్రకారం కవర్లలో వేసిన గింజలు పొట్టు తీసి చూస్తే, అడవి వరి తల్లి అని ఉన్న కవర్లలో అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. అవి నిండుగా రావాలి. “ఆమె చేయి పనికిరాదు. వచ్చే సీజనుకు వేరేవాళ్ళను చూద్దాం” అన్నారు మా క్షేత్రం సారు. మిగతా కవర్లు విప్పనేలేదు.

అక్క గట్టు మీద కూర్చుని నవ్వింది. “రొయ్యల తలకాయలు తీసే పనికి పోతాలే పాపా. ఆడ ఇంత సున్నితం ఎవురిక్కావాల?” నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చే జన్యువులు ఒకటే అయినా వాటిపై రసాయన గుర్తులు వేరు. గింజలో మనం తినే భాగం ఎండోస్పెర్మ్. అందులో కొన్ని జన్యువులు తల్లివైతేనే పనిచేస్తాయి, కొన్ని తండ్రివైతేనే. దీన్ని ఇంప్రింటింగ్ అంటారు. అందుకే మా క్రాసులో అడవి వరి తల్లయితే గింజ నిండుతుంది, తండ్రయితే ముడుచుకుంటుంది.

ఆ సాయంత్రం నా డైరీ తీశాను. “ఈరోజు అక్క మా వరి కంకులు కత్తిరించింది.” కత్తిరించినదే తల్లి; అంటే ఆ రోజు తల్లి మా వరి. ట్యాగు మీద మాత్రం అడవి వరి పేరు ముందుంది. క్రాసింగులో తల్లి పేరు ముందు రాయాలి. నేను అన్నిటికీ తండ్రి పేరు ముందు రాసేశాను.

నలుగురిలో నోరు విప్పని నేను మర్నాడు అందరి ముందూ చెప్పాను. “తప్పు అక్కది కాదు సార్. నాది.”

సారు మిగతా కవర్లు విప్పారు. నిండు గింజలు. “తండ్రి పేరు ముందెందుకు రాసినావమ్మా?”

“మన పేర్లలో నాన్న ఇంటిపేరే కదా సార్, ముందు వచ్చేది.”

మరియమ్మక్క పకపకా నవ్వింది. “మా యమ్మ పేరు ఏ కాయితంలో రాసినారు పాపా, గింజకు రాసేదానికి!”

ఎదుటి మనిషి చేతిని అనుమానించే ముందు నా రాత చూసుకోవాలని ఆ రబీ నేర్పింది. ఇప్పుడు ట్యాగు రాసి, అక్కకు చదివి వినిపించాకే కంకికి కడతాను. రోజూ ఒకటే అడుగుతుంది: “ముందు అమ్మ పేరు చెప్పు.”