బుచ్చి బిడ్డకు ఏడుపు రాదు

బానోతు సుమనకు లోకం మొత్తం మీద ఒకటే అభిప్రాయం: జనం వట్టి తెలివితక్కువవాళ్లు. అబద్ధం ఆడటం కూడా చేతకానివాళ్లు. జనగామలో తనతో డిగ్రీ చదివినవాళ్ల బయోడేటాలు చూసి ఆమె ఎంత నవ్విందో లెక్కలేదు. రఘునాథపల్లి గ్రేస్ తనకు ఫొటోషాప్ వచ్చని రాసుకుంది. ఆ పిల్లకు వచ్చిందల్లా తన ఫొటోలో మొటిమలు మాయం చేసుకోవడం. ఇంకొకడు హాబీ దగ్గర పుస్తక పఠనం అని రాశాడు. వాడు పరీక్షల ముందు రోజు కూడా పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. "అబద్ధం ఆడినా అతికినట్టుండాలె" అని సుమన అందరికీ నీతి చెప్పేది.

అలాంటి సుమనకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి అన్నం సహించడం లేదు.

కారణం చిన్నది. బయోడేటాలో తెలిసిన భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాశాక, ఊపులో లంబాడీ అని కూడా రాసింది. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కన చదవడం, రాయడం, మాట్లాడటం అని మూడు గళ్లు కనిపిస్తే మూడింటిలోనూ టిక్కు కొట్టింది. తండాల్లో తరతరాలుగా నోటి మీదనే బతుకుతున్న భాష అది. దానికంటూ సొంత అక్షరాలు లేవు. లేని అక్షరాలను చదవగలనని, రాయగలనని ప్రకటించుకున్న మొదటి మనిషి బహుశా సుమనే అయి ఉంటుంది. ఆ గళ్లు చూసి ఒక్కరు, కనీసం ఒక్కరు, "ఇదేంది" అని అడిగి ఉంటే ఆమెకు లోకం మీద కాస్త గౌరవం పుట్టేది. ఎవరూ అడగలేదు.

చదవడం, రాయడం దేవుడెరుగు, మాట్లాడటం కూడా ఆమెకు రాదు.

లంబాడోళ్ల పిల్లకు లంబాడీ రాకపోవడానికి వెనక ఆమె తండ్రి హరిలాల్ ఉన్నాడు. కండక్టర్ ఉద్యోగం దొరికి గార్ల దగ్గరి తండా వదిలి జనగామ వచ్చిన రోజే ఆయన ఇంట్లో చట్టం పెట్టాడు: "ఇంట్ల ఆ భాష బందు. పిల్ల తెలుగు కరాబైతది." భార్య బుచ్చి తన భాషను చెల్లెలితో ఫోన్లో మాట్లాడటానికి మాత్రం దాచుకుంది. కూతురు తండ్రినే మించింది. స్నేహితురాళ్లు ఇంటికి వస్తే తల్లిని ఫోనుతో సహా బాత్రూంలోకి పంపేది. "లోపల ఏందే ఆ మాటలు?" అని ఒకసారి గ్రేస్ అడిగితే, "పక్కింటోళ్లు" అని చెప్పింది. బాత్రూం తలుపుకు చెవులుంటాయని ఆమెకు తట్టలేదు.

ఉద్యోగం మహబూబాబాద్‌లో. ఆడవాళ్లలో రక్తహీనత గురించి తండాల్లో తిరిగి చెప్పే ఒక సంస్థలో. ఇంటర్వ్యూ చేసినాయన పేరు తిరుపతి, భూపాలపల్లి మనిషి, ప్రాజెక్టుకు పెద్ద. బయోడేటాలో 'బానోతు' అన్న మాట కనపడగానే ఆయన మిగతా కాగితం చదవడం మానేశాడు.

"మీవాళ్లకు మీ భాషల చెప్తెనే ఎక్కుతదమ్మా. మేం చెప్తే చెవిటోని ముందు శంఖం ఊదినట్టే. ఏదీ, ఒక ముక్క మాట్లాడు, వింట."

సుమనకు అమ్మ ఫోన్ ఎత్తగానే పిన్నితో అనే మాట గుర్తొచ్చి, అది అప్పజెప్పింది. దాని అర్థం 'ఏం కూర వండినవే?' అని. తిరుపతి సార్ బల్ల మీద చప్పట్లు కొట్టాడు.

"అబ్బ! ఎంత స్వచ్ఛంగున్నది!"

తనను ఏం కూర వండావని అడిగితే పరవశించిపోయిన ఆ మనిషిని సుమన ఆ క్షణమే తీసిపారేసింది. ఉద్యోగం ఇచ్చాడు కాబట్టి ఆ సంగతి మొహంలో కనపడనీయలేదు.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే హరిలాల్ బస్సు డిపో మొత్తం చాటింపు వేశాడు. "మా బిడ్డకు మా భాషల నౌకరి అచ్చింది" అని, అదే హరిలాల్, మీసం దువ్వుకుంటూ. సుమన తండ్రిని కూడా తెలివితక్కువవాళ్ల జాబితాలోకి ఎక్కించింది. కానీ ఉద్యోగం పోతే ఇప్పుడు తలదించుకోవాల్సింది ఆయన కూడా. పోటీ పరీక్షలన్నీ తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లకు దొరికిన మొదటి నౌకరి ఇది.

ఆ తర్వాత సార్ ఫోన్ చేశాడు. "సోమవారం ఆఫీసుకేం పనిలేదమ్మా, సీదా తండకే పోదం. గార్ల అవతల. నేను ఊకెనే కూసుంట. మీటింగంత నువ్వే నడిపియ్యాలె, మీ భాషల."

సుమన వంటింట్లోకి వెళ్లింది. బుచ్చి చేటలో పెసర్లు చెరుగుతోంది.

"అమ్మా, జర మన భాష నేర్పే."

"ఎవ్వరి భాష?"

"మనదే."

"మనదెప్పుడైంది పిల్లా? నిన్న మొన్నటిదాంక పక్కింటోళ్లది గద."

సుమన మూడు గళ్ల సంగతి చెప్పుకుంది. తర్వాత బతిమాలింది, అలిగింది, ఉద్యోగం పోతుందని బెదిరించింది. "సోమారం వరకు వచ్చేటట్టు చెప్పరాదే."

"గిదేమన్న కుక్కర్ల పప్పా, మూడు కూతలకు ఉడకనీకి?" అంది బుచ్చి. అయినా తల్లి తల్లే. రక్తం తక్కువుంటే ఏం తినాలో, మాత్రలు ఎప్పుడు మింగాలో నాలుగు ముక్కలు చెప్పింది. సుమన వాటిని పలుకుతుంటే బుచ్చి పెసర్లలో రాళ్లు వదిలేసి మరీ నవ్వింది. "నువ్వు మాట్లాడుతుంటే మీ నాయిన బస్సుల టికెట్ టికెట్ అని మొత్తుకున్నట్టే ఉన్నది. అది మనుషులు మాట్లాడే మాట, బిడ్డా. జర మెత్తగ అను."

గ్రేస్‌కు ఫోన్ చేస్తే అది ఇంకో రకం.

"నిజం చెప్పెయ్యవే. ఏం జేస్తడు? మహా అంటే తీసేస్తడు."

"నీ ఫొటోషాప్ లెక్కనా, దొరికితే ఇగిలిచ్చి ఊకోనీకి? నా సొంత భాష నాకు రాదని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"గదే మొఖం పెట్టుకొని రాసినవ్ గదనే!"

సుమన ఫోన్ పెట్టేసింది. ఫొటోషాప్ రాని పిల్లకు ఇన్ని మాటలెందుకు? కడుపునొప్పి అని చెబుదామా అనుకుంది. సార్ వారం ఆగి మళ్లీ తీసుకుపోతాడు. తండావాళ్లతో ముందే ఎవరితోనైనా మాట్లాడి పెట్టుకుందామా అనుకుంది. మాట్లాడాలంటే భాష రావాలి కదా. పొద్దున లేస్తే ఆ నాలుగు ముక్కలే, పళ్లు తోముతూ, తల దువ్వుకుంటూ, బస్టాండు దాకా నడుస్తూ. దారిలో ఒకాయన ఈ పిల్ల తనలో తాను గొణుక్కోవడం చూసి జాలిపడ్డాడు కూడా.

సోమవారం పొద్దున రైలెక్కి మహబూబాబాద్‌లో దిగింది. అక్కడి నుంచి సంస్థ జీపు. తిరుపతి సార్ దారి పొడవునా మీవాళ్లు, మీవాళ్లు అంటూనే ఉన్నాడు. మీవాళ్లు కష్టజీవులు, మీవాళ్లు అమాయకులు, మీవాళ్లకు మోసం తెలియదు. ఆఖరి మాటకు సుమన కిటికీలోంచి బయటికి చూసింది.

అంగన్‌వాడీ ముందు చాప పరిచి ఆడవాళ్లు కూర్చున్నారు. పడుచువాళ్లు చీరల్లో, నైటీల్లో ఉన్నారు. ఒక్క ముసలామె మాత్రం అద్దాల రైకతో, చేతుల నిండా గాజులతో మధ్యలో కూర్చుంది. పేరు ద్వాలి. ఆమె సుమనను కింది నుంచి మీదికి చూసి లంబాడీలో ఏదో అడిగింది. ఎవరి పిల్లవు అని అయి ఉంటుందని సుమన ఊహించి, "బుచ్చి బిడ్డను. హరిలాల్ బిడ్డను" అంది.

అంతే. గార్ల చుట్టుపక్కల తండాలన్నీ చుట్టాలే అయిన ద్వాలి దిగ్గున లేచి, సుమన మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది.

అది వాళ్ల ఆచారం. చాలా కాలానికి కలిసిన ఇంటి ఆడబిడ్డను తండాలో బాగున్నావా అని అడిగి సరిపెట్టరు. మెడ పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. నువ్వు లేనప్పుడు ఫలానా ముసలి పోయింది, ఫలానా పిల్లవాడు పోయాడు, వానలు పడలేదు, నువ్వు మమ్మల్ని మరిచావు అని అంతా ఆ రాగంలోనే చెబుతారు. వచ్చిన మనిషి కూడా అదే రాగంలో తన వంతు అందుకోవాలి. అందుకోకపోతే పలకరింపు తోసేసినట్టు. సుమన చిన్నప్పుడు ఒకసారి చూసింది ఇది. జన్మలో స్నేహితురాళ్లకు తెలియకూడని విషయాల్లో మొదటిదిగా పెట్టుకుంది.

తిరుపతి సార్ కంగారుగా లేచి నెత్తిమీది టోపీ తీసేశాడు. "ఎవరు పోయిన్రమ్మా?" అని పక్కావిడను గుసగుసగా అడిగాడు.

ద్వాలి తన వంతు ముగించి ఆగింది. సుమన వంతు. ఆడవాళ్లంతా చూస్తున్నారు. సుమన నోరు తెరిచింది. ఆమె దగ్గరున్నవి ఆ నాలుగు ముక్కలే. చనిపోయినవాళ్ల కోసం ఏడవమంటే మాత్రలు అన్నం తిన్నాక మింగాలని ఏడవలేదు కదా. ముసలామె భుజంలో మొహం దాచి "ఊఁ... ఊఁ..." అంది, పంటి నొప్పి వచ్చినట్టు.

ద్వాలి ఆమె చెవిలో, శుభ్రమైన తెలుగులో అంది: "నోట్లె మాట లేదానే? ఏడ్సుడు గూడ రాదా నీకు?"

సుమన మెడ విడిపించుకోబోయింది. పట్టు వదల్లేదు. ద్వాలి మళ్లీ రాగం ఎత్తుకుంది, అదే ఏడుపు, అవే వెక్కిళ్లు. మాటలు మాత్రం మారాయి. ఓ బుచ్చీ, నీ కడుపున మూగదాన్ని కన్నావా. గొంతుంది, గోముంది, నాలుక ఒక్కటే జనగామలో మరిచి వచ్చింది. గట్టి ప్యాంటు వేసుకొచ్చింది, చేతిసంచి తెచ్చుకుంది, తల్లి మాట ఒక్కటీ తేలేదు. వెనక కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. దూరం నుంచి చూస్తే వాళ్లూ ఏడుస్తున్నట్టే ఉంది.

విచిత్రం ఏమిటంటే, సుమనకు ప్రతి మాటా అర్థమైంది. పుట్టాక మొదటిసారి తన భాష ఆమెకు మొత్తం అర్థమైంది, అదీ తనను తిడుతుంటే. అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. అవి నిజమైనవే.

తిరుపతి సార్ కళ్లు తుడుచుకొని ఫోన్‌తో ఫొటోలు తీశాడు. "అద్భుతమమ్మా" అన్నాడు, పట్టు వదిలాక. "గిదీ కనెక్షన్ అంటే. ఇగ మొదలువెట్టు."

సుమన మొదలుపెట్టింది. మొదటి ముక్కకే చాప మీద నవ్వులు పొంగాయి. కండక్టర్ హరిలాల్ బిడ్డ కదా అని, ఒకామె టికెట్లు చింపుతున్నట్టు చేతులు తిప్పింది.

"ఆగు ఆగు" అంది ద్వాలి. "తెలుగుల చెప్పు బిడ్డా. మాకు తెలుగు రాదన్నదెవ్వడు? అంగట్ల, బ్యాంకుల, దవాఖానల ఏం మాట్లాడుతున్నం, ఇంగ్లీషా?"

"కాదు, కాదు" అన్నాడు తిరుపతి సార్, తెలుగులోనే. "మీ భాషల చెప్తెనే మీకు అర్థమైతది."

"నీదెట్ల అర్థమైతుంది మరి మాకు?" అంది ద్వాలి.

ఆయన ఫోన్ వైపు చూసుకున్నాడు. సుమనకు ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. అందరి ముందూ, ఆయన వైపు తిరిగి చెప్పేసింది. "సార్, నాకు లంబాడీ రాదు. బయోడేటాల అబద్ధం రాసిన."

 తిరుపతి సార్ పకపకా నవ్వాడు.

"ఊకో అమ్మా! నా కండ్లతోని చూసిన గద. ముసలామె నీతోని అంతసేపు మాట్లాడె, నువ్వు అంత ఏడిస్తివి. రానోళ్లకు వస్తయా గా కన్నీళ్లు? పైనోళ్లకు ఫొటోలు గూడ పంపిన." సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తుకొని జీపు వైపు వెళ్లిపోయాడు.

ఉద్యోగం నిలబడింది. అంత పనికిమాలిన చేతుల్లో నిలబడ్డ ఉద్యోగాన్ని చూసి సంతోషించాలో ఉమ్మేయాలో సుమనకు తెలియలేదు. రక్తహీనత గురించి తెలుగులోనే చెప్పింది. వాళ్లు విన్నారు, ఎదురు ప్రశ్నలు వేశారు. ఒకామె మాత్రలు మింగితే వాంతులవుతున్నాయంటే ఏం చెప్పాలో సుమనకు తెలియలేదు, నర్సమ్మను అడిగి చెబుతానంది. లేచేటప్పుడు ద్వాలి చెయ్యి పట్టుకుంది.

"గా సారుకు ఏం తెల్వది, మాకు తెల్సు. మల్ల అచ్చేటప్పుడు ఏడ్సుడు నేర్సుకొని రా. లేకుంటే మా తండల అడుగువెట్టకు."

సాయంత్రం ఇంట్లో బుచ్చి బెండకాయలు తరుగుతోంది. సుమన సంచి పక్కన పడేసి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఏడ్సుడు నేర్పే."

బుచ్చి కత్తిపీట మీంచి తలెత్తి చూసింది. ఎవరు చేసిన పని ఇదో ఆమెకు అర్థమైనట్టుంది. "ద్వాలక్క దొరికిందా? మంచిగైంది" అంది. ఇంకో బెండకాయ చేతికి తీసుకుంది. "రాగం ఎంతసేపు, ఒక్క పూటల అస్తది. మరి ఎవ్వలను తలుసుకొని ఏడుస్తవ్? పేర్లు గావాలె. మా అమ్మ పేరు చెప్పు, సూద్దాం."

సుమన నోరు తెరిచింది. తెలుసుననే అనుకుంది. ఎంత వెతికినా, చిన్నప్పటి నుంచి అమ్మమ్మను తాను పిలిచింది ఒక్కటే దొరికింది: తండా ముసలిది.

"ఊఁ" అంది బుచ్చి. బెండకాయ తొడిమ కోసి పక్కన పడేసింది. "మూడు గళ్లల్ల టిక్కు గొట్టిందట!"