మేకుకు వేలాడిన ఫోను

అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ తిమ్మయ్య పేరుకే. అజమాయిషీ అంతా అతని భార్య బీరమ్మది. పాలమూరు పల్లె నుంచి మట్టి పనికొచ్చి, కట్టడం పూర్తయ్యాక సెల్లారులో లిఫ్టు పక్క గదిలోనే కాపురం పెట్టేశారు. బీరమ్మది పెద్ద నోరు. రోజూ నాతో పోట్లాడేది, రోజూ నా వంటింట్లోనే టీ తాగేది. చెప్పకూడదు గానీ, ఆ గొంతు వినకపోతే నాకు తెల్లారినట్టే ఉండేది కాదు.

ఊళ్ళో ఆమె తల్లి మంచం పట్టింది. తమ్ముడు బీరయ్యతో బీరమ్మ ఒక మాట అనుకుంది. తల్లికి సీరియస్ అయితే అతను ఒక్క రింగిచ్చి పెట్టేయాలి, ఈమె వెంటనే బస్సెక్కుతుంది. రింగు రాలేదంటే అంతా క్షేమమే. ఈ వీధిలో వాచ్‌మన్ల ఇళ్ళన్నిటా ఇదే పద్ధతి. అందుకే ఫోనెప్పుడూ గదిలో మేకుకు వేలాడుతుండేది, తిమ్మయ్య చెవిన పడేలా.

2011లో నంబరు మారకుండా కంపెనీ మార్చుకోవచ్చన్నారు. చిక్కడపల్లి బస్టాపు దగ్గర గొడుగు కింద సిమ్ములమ్మేవాళ్ళు ఆమెకు కొత్త కంపెనీ సిమ్ము అంటగట్టారు. బీరమ్మ తెలివితక్కువదేం కాదు, గేటు దగ్గర నిలబడి మాట్లాడి మరీ చూసుకుంది. అవతలి మాట గంట కొట్టినట్టు వినిపించింది. సంబరంగా తీసుకెళ్ళి ఫోనును మళ్ళీ ఆ మేకుకే తగిలించింది.

"మా అవ్వ మంచిగనే ఉన్నదమ్మా. ఫోను మోగలే," అనేది టీ ఊదుకుంటూ.

ఒకరోజు తిమ్మయ్య గాంధీనగర్ వెళ్తే, ఫోను కొంగున కట్టుకుని బట్టలు ఆరేయడానికి నాతోపాటు డాబా మీదికొచ్చింది. బయట అడుగుపెట్టామో లేదో, ఫోను కీచుకీచుమంటూ ఆగకుండా మొత్తుకుంది.

"ఏంది, దీనికి పిచ్చి లేసిందా? జర సూడున్రి అమ్మా."

చూశాను. ఫోను అందనప్పుడు ఎవరెవరు చేశారో చెప్పే మెసేజీలు. అన్నీ బీరయ్యవే. మొన్నటి నుంచి! ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

"మోగలేదమ్మా... మోగనే లేదు," అంటూ బీరమ్మ తడిబట్టల మీదే కూలబడింది. తిరిగి చేస్తే బీరయ్య ఎత్తలేదు. ఆ తడి చీరతోనే బస్టాండుకు పరుగెత్తింది.

మూడో అంతస్తు ఉమాకాంత్ ఫోన్ టవర్ల దగ్గర పనిచేస్తాడు. నా కోపమంతా అతని మీద చూపించాను. "ఎదురు మేడ మీద టవరు పెట్టుకుని ఇదేం పోయేకాలమయ్యా!"

"ఆంటీ, పాత కంపెనీది తక్కువ ఫ్రీక్వెన్సీ. అది దూరం పోతది, గోడలు దాటి సెల్లారు దాక దిగుతది. కొత్తోళ్ళకు దొరికింది ఎక్కువ ఫ్రీక్వెన్సీ. గేటు కాడ మంచిగనే ఉంటది, లోపలికి పోతే ఖతం. పెండ్లి బారాత్ వస్తుంటే చూడున్రి, తలుపులేసుకున్నా డోలు వినవడతది, సన్నాయి వినవడదు. గట్లనే ఇది."

ఇన్నాళ్ళూ బీరమ్మ క్షేమమనుకున్నది సిగ్నల్ లేకపోవడమా!

దినాలు అయ్యాక తిరిగొచ్చింది. టీ ఇస్తే ముట్టుకోలేదు. గొంతు పూర్తిగా పోయింది. కడసారి చూపైనా దక్కిందా అని అడిగాను.

"బస్సు దిగిన. ఊరింకా దూరమే ఉన్నది. డప్పు ఇనవడ్డదమ్మా. ఎవ్వలు చెప్పకుండనే ఆడనే ఎరుకైంది. ఉరికిన గని, నేను పొయ్యేటాలకు మన్నేసిన్రు."