తాళం లేని ఫోనూ, ఛత్రపూర్ దాకా వీపీఎన్ వేటా

నా ఫోన్‌కు తాళం ఉండేది కాదు. అంకె లేదు, వేలిముద్ర లేదు. ఒడిశా గంజాం జిల్లాలో ఏ ఊళ్ళో ప్రవచనానికి కూర్చున్నా ముందు దాన్ని మైకు పక్కన పీట మీద పెట్టి, “దాచుకునేది లేనివాడికి తాళమెందుకు? ఎవరైనా తీసి చూడండి!” అని గర్జించేవాణ్ణి. గురువు దగ్గర కూర్చుని చదివినవాణ్ణి కాను, పారాయణ గ్రంథాన్ని సంచిలో వేసుకుని తిరుగుతూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాడికి చెప్పిన మాటే ఆస్తి. మొన్న మంగళవారం ఆ మాట నా మీదికే తిరిగింది.

ఆ ఉదయం సోనేపూర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మేనకోడలు స్వర్ణ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. ఆసుపత్రుల నుంచి వచ్చే రోగుల వివరాలు సరిచూసి పంపడం ఆమె పని. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి అది చెడిపోవడం ఇది మూడోసారి. పై అధికారి ఒక్క వాక్యం పంపాడు: సాయంత్రం నాలుగింటిలోగా మిగిలిన రికార్డులు అందకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దు. ఫోన్ నుంచైనా పంపవచ్చు. కానీ ఆఫీసు వీపీఎన్ గుండానే వెళ్ళాలి. బయటివాళ్ళ కంట పడకుండా ఆఫీసు లోపలికి చేర్చే చాటుదారి అది. స్వర్ణ కొత్త ఫోన్‌లో ఆ దారి ఎంతకీ తెరుచుకోవడం లేదు.

ఎనిమిదింటికి బరంపురం వెళ్ళే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి యాభై రూపాయలు, గంటన్నర ప్రయాణం. చేపల బుట్టల మధ్య కూర్చుని స్వర్ణ ఫోన్‌ను నొక్కుతూనే ఉంది.

“ఏటి గురువుగారూ, సాయంత్రం కత సెప్పకుండా ఎల్లిపోతన్నారేటి?” అని అడిగాడు డ్రైవర్ రాములు.

“వస్తానురా. ముందు ఈ పిల్ల ఉద్యోగం నిలబడాల. కొంచెం గట్టిగా తోలు.”

“గట్టిగా తోల్తే బండి నిలబడదు బాబూ!”

స్వర్ణ నవ్వలేదు.

బరంపురం బజారులో మొబైల్ దుకాణాలు పదింటికి గాని తెరవరు, ఇది గుర్తుంచుకోండి. మొదట తెరిచిన దుకాణంలోని ఒడియా కుర్రాడు సంగతి విని, “ఆజ్ఞా, అయ్యగారూ, ఎంతసేపు? ఇదిగో ఫ్రీ వీపీఎన్” అని ఒక యాప్ దించాడు. నిమిషంలో తెర పైన తాళంచెవి గుర్తు వెలిగింది. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. తొందరపడ్డాను! ఆఫీసు పేజీ తెరుచుకోలేదు. ఆ దారి ఎక్కడో పరదేశంలోని ఎవరిదో కంప్యూటర్‌కు పోతోంది, స్వర్ణ ఆఫీసుకు కాదు. చాటుదారి అన్న ప్రతిదీ మన ఇంటికే చేరదు. కుర్రాడు ఇంకో యాప్ దించాడు. అది ఆఫీసు రహస్యపదం అడిగింది. “కొట్టెయ్యి, కొట్టెయ్యి” అన్నాను నేను.

స్వర్ణ ఫోన్ లాక్కుంది. “ఆగు మావయ్యా! ఈ యాప్ ఎవుడిదో తెలుసేటి నీకు? రోగులందరి గుట్టూ ఆడి సేతిలో పెట్టమంటావా?”

ఆఫీసు సాంకేతిక సిబ్బందికి ఫోన్ చేస్తే పదకొండున్నరకు ఒకాయన పలికాడు. యాప్ అసలు అక్కర్లేదట. ఫోన్ సెట్టింగులలోనే వీపీఎన్ ఉంటుంది, అందులో ఎల్‌టూటీపీ అనే రకం ఎంచుకోవాలన్నాడు. తీసి చూస్తే స్వర్ణ ఫోన్‌లో ఆ రకమే లేదు. “నూఆ ఫోన్ కొనండి” అని కుర్రాడు ఇంకా కొత్త ఫోన్లు మూడు బల్ల మీద పరిచాడు. కొనేవాళ్ళమే. ఎందుకో వాడికే జాలేసి, ఛత్రపూర్‌లో ఆఫీసులకు కంప్యూటర్ లైన్లు వేసే సూర్యం అనే తెలుగాయన ఉన్నాడు, ముందు ఆయన్ను అడగండి అన్నాడు.

పన్నెండుంబావుకు బస్సు, టికెట్టు నలభై. ఒంటిగంట దాటాక ఛత్రపూర్ కోర్టు వీధిలో దిగితే సూర్యం కొట్టుకు తాళం! పక్క హోటల్లో వంట చేసే అప్పలమ్మ, “కలెక్టరాఫీసుకెల్లినాడు, వొచ్చేస్తాడు. ఈలోగా తినండి. ఆకలితో ఉంటే గడియారం ఆగుద్దేటి?” అంటూ అన్నం, కూరముక్కలు వేసి వండిన పప్పు దాల్మా వడ్డించింది. స్వర్ణ ముద్ద ముట్టలేదు. గ్రంథం తెరిచాను, అక్షరాలు కనిపిస్తున్నాయి గాని తలకెక్కడం లేదు. రెండు. రెండుంబావు. సూర్యం వచ్చేసరికి రెండున్నర.

స్వర్ణ ఫోన్‌ను ఒక్కసారి తిప్పి చూశాడాయన. “కొత్తది కొనలేదు గదా? బతికిపోయినారు. ఆండ్రాయిడ్ పన్నెండు నుంచి ఈ పాత రకం తీసేసినారు. ఎంత కొత్త ఫోనైతే అంత దూరం. పాత ఫోన్ కావాల. ఎవుల దగ్గిరన్నా ఉందేటి?”

స్వర్ణ నా సంచి వైపు చూసింది. గ్రంథం పక్కనే, మూల పగిలిన నా ఫోన్.

సూర్యం సెట్టింగులు తెరిచాడు. ఎల్‌టూటీపీ ఉంది! ఆఫీసు చిరునామా ఆయన నింపాడు, రహస్యపదం స్వర్ణే కొట్టి ‘సేవ్’ నొక్కింది. తెర మీద సందేశం వచ్చింది: ముందు ఫోన్‌కు స్క్రీన్ లాక్ పెట్టండి. పెట్టనిదే ఆ రహస్యపదాన్ని దాచదట.

“ఇంకో దారి సూడు” అన్నాను.

“ఇంకో దారి లేదండి. నాలుగంకెలు పెట్టండి, అయిపోద్ది.”

“కుదరదయ్యా! పదకొండేళ్ళుగా ఊరూరా సెప్పిన మాట.”

“గుడికైనా తాళం ఉంటాది గదండీ గురువుగారూ!” సూర్యం నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. గోడ గడియారం మూడు దాటింది.

స్వర్ణ నా వైపు తిరిగింది. “మావయ్యా, పోయినేడు మూడు సాయంత్రాలు నిక్షేపం గురించి సెప్పావు. ఒకలు నమ్మి అప్పగించిన సొత్తుని మన సొత్తుకన్నా గట్టిగా కాయాలని. నేను ముందు వరసలో కూకుని విన్నాను. అది మాకేనా, నీక్కాదా?”

సూర్యం చేతిలోంచి ఫోన్ అందుకున్నాను. నాలుగంకెలు నొక్కాను.

మొదటిసారి కనెక్ట్ కాలేదు. కొట్టు లోపల సిగ్నల్ లేదు. రోడ్డు మీదికి పరుగెత్తాం. మూడు ఇరవై ఎనిమిదికి తాళంచెవి గుర్తు, దాని వెంటే ఆఫీసు పేజీ. అప్పలమ్మ హోటల్ అరుగు మీద కూర్చుని స్వర్ణ ఒక్కొక్క రికార్డూ పంపింది. చివరిది వెళ్ళేసరికి నాలుగుకు నాలుగు నిమిషాలు తక్కువ. అందిందని జవాబు వచ్చాక, “అప్పలమ్మా, అన్నం మిగిలిందేటి?” అని అడిగింది.

ఏడున్నరకు సోనేపూర్ భజన మందిరంలో అలవాటుగా ఫోన్‌ను పీట మీద పెట్టాను. చేపలమ్మే పోలమ్మ దాన్ని తీసి నొక్కింది. “ఇదేటి గురువుగారూ, తెరుసుకోదు? దొంగసొమ్ము దాసినారేటి?” అందరూ ఘొల్లుమన్నారు.

“నాది కాదమ్మా. ఎవరెవరి రోగాలో, ఎవరెవరి బాధలో. మా స్వర్ణని నమ్మి ఇచ్చినవి. ఇన్నాళ్ళూ తాళం వేసుకున్నవాళ్ళందర్నీ దొంగల్లా తిట్టాను. తప్పు” అన్నాను. పోలమ్మ ఇక నవ్వలేదు. ఫోన్‌ను చీర చెంగుతో తుడిచి, తెర కిందికి పెట్టి, పీట మీద ఉంచింది.

దాచుకునేది లేకపోవడం గొప్ప అనుకునేవాణ్ణి. ఒకరు మనకేదైనా అప్పగించేదాకా ఆ గొప్పకు ఖర్చు లేదు. తాళం లేని ఫోన్ నా నిజాయితీకి గుర్తు అనుకున్నాను గాని, నన్ను నమ్మి ఎవరూ ఏమీ అప్పగించలేదన్నదానికీ అదే గుర్తని ఛత్రపూర్ వీధిలో తెలిసింది. స్వర్ణ ల్యాప్‌టాప్ బాగయ్యేదాకా ఆ ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది.

ఇదే వేటలో బయల్దేరేవారికి ఒక్క మాట: బండెక్కకముందే మీ ఆఫీసు వీపీఎన్ ఏ రకమో అడిగి, ఆ రకం మీ ఫోన్ సెట్టింగులలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇంట్లో మూలపడిన పాత ఫోన్‌ను వెంట తీసుకెళ్ళండి.