మూడు తీగలకో చెవి

గిటారు మోగకపోతే కొంప మునిగినట్టు గింజుకునే వయసు నాది అప్పట్లో. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొనుక్కున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మా పాటల కార్యక్రమం మూడు వారాలుందనగా దాని పికప్ చెడిపోయింది. తీగల కింద కూర్చుని వాటి కదలికను కరెంటుగా మార్చే ముక్క అదే. అది లేకపోతే మిగిలేది చెక్క.

కలకత్తాలో కొత్తది దొరుకుతుంది గానీ నా స్టైపెండుకి అందదు. గోల్‌బజార్‌లో రేడియోలు బాగుచేసే దాదా పాత కాయిల్‌కే మళ్ళీ తీగ చుట్టి చూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అంతవరకూ వస్తున్న ఆ కాస్త గురగుర కూడా పోయింది. గిటారు ఒంటికి అంటించే చవక మైకు పెడితే అది ఊళపెట్టింది. చివరికి దాదా తల గోక్కుంటూ, "హెడ్‌ఫోన్ కాయిల్ పెట్టి చూడు, చోల్‌బే, పని నడుస్తుంది" అన్నాడు. దాంట్లో అయస్కాంతం, కాయిల్ రెండూ ఉంటాయట.

హెడ్‌ఫోన్ మా ఇంట్లోనే ఉంది. నాన్నది.

నాన్న బాయిలర్ షాపులో పాతికేళ్ళుగా రివెట్లు కొడుతున్నాడు. ఆ షాపులో చేరితే జీతంతో పాటు చెవుడు కూడా ఇస్తారని మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా వాళ్ళు నవ్వుతూ అనేవారు. ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి హెడ్‌ఫోన్ నొక్కిపెట్టుకుంటేనే రేడియో వినిపించేది. ప్లగ్గు పెడితే స్పీకరు ఆగిపోతుంది కాబట్టి సాయంత్రం తెలుగు వార్తలు ఆయనొక్కడే వినేవాడు. "ఏటి సెప్పినారు?" అని అమ్మ అడిగితే శ్రీకాకుళం వైపు కబుర్లేమన్నా ఉంటే చెప్పేవాడు. రోజంతా సుత్తుల మధ్య బతికే మనిషికి అదొక్కటే వినికిడి.

అడిగితే ఇచ్చేవాడు. ఇస్తాడని తెలిసే అడగలేదు, వెధవని. ఆయన డ్యూటీలో ఉండగా కుడివైపు డబ్బీ విప్పి కాయిల్ తీసుకున్నాను. రెండోది పనిచేసేలా వైర్లు కలిపి, ఖాళీ డబ్బీకి మూత బిగించాను. ఎలాగూ వినబడని చెవే కదా అని సర్దిచెప్పుకున్నాను.

తీరా బిగిస్తే అది చిన్న ముక్క, మూడు లావు తీగలకే సరిపోయింది. సన్న తీగలు మూడూ మూగవి. ఆ పూట అన్నం తింటూ అమ్మ దగ్గర అబద్ధం కలిపి సణిగాను. "దాదా ఇచ్చిన హెడ్‌ఫోన్ కాయిల్ సగానికే సరిపోయిందే. అలాటిదే ఇంకోటుంటే గట్టెక్కిపోదును. నేకపోతే అందరి ముందూ నా పరువు పోద్ది."

"ఎవుడిస్తాడ్రా ఇంకోటి?" అంది అమ్మ.

నాన్న నాకు ఎదురుగానే కూర్చుని తింటున్నాడు. చెవిటివాడి ముందు శంఖమే కదా అనుకుని అంత ధైర్యంగా వాగాను. బాయిలర్ షాపు మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అక్కడి వాళ్ళంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అదే వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నవాణ్ణి, నాకు ఆ సంగతి తెలీక కాదు. నాన్న విషయంలో గుర్తురాలేదు, అంతే.

మర్నాడు సాయంత్రం గిటారు పెట్టె తెరిస్తే లోపల వర్క్‌షాపులో చేతులు తుడుచుకునే కాటన్ వేస్ట్ చిన్న ఉండ ఉంది. విప్పితే ఎడమవైపు కాయిల్. స్క్రూలు విడిగా అగ్గిపెట్టెలో పెట్టి ఉన్నాయి.

రెండూ పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాలి. తెలుసు. కార్యక్రమం అయిపోగానే తిరిగి బిగించేద్దాం అనుకుని వాడేసుకున్నాను. ఆరు తీగలూ పలికాయి. నాన్న మొదటి వరసలో కూర్చుని, పక్కవాళ్ళు చప్పట్లు కొట్టినప్పుడల్లా చూసి తనూ కొట్టాడు. తర్వాత దసరా పూజల్లో ఒక కార్యక్రమం వచ్చింది, ఆ తర్వాత ఊళ్ళోనే మలంచా పేటలో ఇంకొకటి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునే వాయించాను.

నాన్న మాత్రం ఒక్క సాయంత్రం కూడా మానకుండా ఆ ఖాళీ డబ్బీలు చెవులకు పెట్టుకుని రేడియో ముందు కూర్చునేవాడు. అమ్మకి తెలిస్తే నన్ను తిడుతుందని.

"ఏటి సెప్పినారు?" అని అమ్మ అడిగేది.

"మనకాడ వానలు బాగా పడినాయంట. సెరువులు నిండినాయంట" అనేవాడు. అక్కడున్న తన తమ్ముడి పొలం తలుచుకుని అమ్మ సంతోషించేది.

ఒకరోజు వార్తల మధ్యలో ఆయన నీళ్ళు తాగడానికి లేచాడు. అమ్మ పెరట్లో ఉంది. నేను ప్లగ్గు పీకాను. శ్రీకాకుళం జిల్లాలో చినుకు లేదని, చేలు ఎండిపోతున్నాయని స్పీకరు చెబుతోంది. గబుక్కున మళ్ళీ పెట్టేశాను. తల తిప్పితే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన నా చేతివైపు చూడలేదు. ఏదైనా అంటానేమోనని నా పెదాలవైపు చూస్తూ అలాగే కాసేపు నిలబడ్డాడు. నేను రేడియో దగ్గర్నుంచి పక్కకు జరిగాను. వచ్చి కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.