మూడు రోజుల మందు

నిన్న ఏర్పేడు దాటాక బస్సులో ఎవరో కడుపునొప్పికని ఓమ వాటర్, అదే వాము నీళ్ళ సీసా మూత తీశారు. ఆ ఘాటుకు నా పక్కనున్నావిడ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నలభై ఏళ్ళు దాటినా ఆ వాసన వస్తే చాలు, శ్రీకాళహస్తిలో మునిరత్నం గారి మందుల షాపు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఆయన మిక్చరు కలుపుతూ నిలబడ్డ తీరు గుర్తుకొస్తాయి. నాకు మందులిచ్చే పని నేర్పింది ఆయనే. అయినా ఆయన్ను తలుచుకుంటే గౌరవం కన్నా ముందు సిగ్గు వస్తుంది. ఎందుకో చెప్తాను.

ఫార్మసీ డిప్లొమా పూర్తిచేసి ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మందుల షాపులో ఒక ఆడపిల్ల కౌంటరు వెనక నిలబడటం అప్పట్లో మా ఊళ్ళో వింత. పని లేకపోయినా నన్ను చూసిపోవడానికి వచ్చేవాళ్ళు. "మగపిల్లోళ్ళు ఎవురూ దొరకలేదా అప్పా?" అని ఆయన్నే అడిగినవాళ్ళూ ఉన్నారు. "ఆడపిల్లే కావాలని పెట్టుకున్నా" అనేవారు ఆయన. ఆ మాట నాకు నచ్చలేదు. యాభై ఏళ్ళ మనిషి, భార్య పోయి ఒంటరిగా ఉన్నవాడు, ఏరికోరి ఆడపిల్లనే ఎందుకు పెట్టుకున్నట్టు? "కాస్త కనిపెట్టి ఉండవే" అని మా అమ్మ కూడా చెప్పి పంపింది. కనిపెట్టే ఉన్నాను. నాకంత తెలివి ఉందనుకునేదాన్ని.

అనుమానం ఆయనకూ తక్కువేం కాదు. మగవాడెవరైనా వచ్చి "మా ఆడమనిషికి దెబ్బ తగిలింది, టింక్చరు ఇయ్యి సార్" అంటే సీసా తీసేవారు కాదు. "దెబ్బ చూడకుండా మందెట్లిచ్చేది? ఆయమ్మను పిల్చుకోని రా" అనేవారు. వచ్చినవాడు గొణుక్కుంటూ ఇంకో షాపుకు పోయేవాడు. ఇదేం చాదస్తమని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

ఆ రోజుల్లోనే జ్ఞానమ్మ రావడం మొదలుపెట్టింది. బజార్లో బట్టల షాపు పెట్టుకున్న వెంకటముని భార్య. పాతికేళ్ళుంటాయేమో. కడుపునొప్పికి డాక్టరు రాసిచ్చిన మిక్చరు కోసం వచ్చేది. అప్పట్లో మిక్చరు షాపులోనే కలిపి సీసాలో పోసేవాళ్ళం. ఎన్ని మోతాదులో తెలియడానికి ఒక కాగితం ముక్కను గాట్లు గాట్లుగా కత్తిరించి సీసా పక్కన అంటించేవాళ్ళం. జ్ఞానమ్మ సీసాకు సార్ ఎప్పుడూ మూడే గాట్లు పెట్టేవారు. అంటే ఒక్క రోజు మందు. "ఇది నిలవుండదమ్మా. రేపు మళ్ళా రా. వేరేవాళ్ళను పంపొద్దు, నువ్వే రావాల" అనేవారు. పచ్చి అబద్ధం! ఆ మిక్చరు వారం రోజులు పెట్టినా ఏమీ కాదని నాకు తెలుసు. పైగా మొదటి మోతాదు తన ఎదురుగానే తాగమనేవారు. ఆమె గ్లాసెత్తి తాగుతుంటే కొంగు జారిన మెడనూ, గాజుల చేతినీ రెప్ప వేయకుండా చూసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆయన లోపలి గదిలోకి వెళ్ళగానే గబగబా ఆమె దగ్గరికి వెళ్ళాను.

"సార్ నీతో తప్పుగా ఏమన్నా మాట్లాడతాడా?"

"లేదమ్మా."

"చెయ్యీ గియ్యీ పట్టుకుంటాడా?"

"అయ్యో, అట్లాంటోడు కాదమ్మా ఆయప్ప."

నిజం చెప్పడానికి భయపడుతోందనుకున్నాను. ఆమె వెంటనే కదల్లేదు. సీసా పట్టుకుని ఇంకాసేపు అక్కడే నిలబడింది. ఎడమ చెంప కమిలి ఉంది, పైన పసుపు రాసుకుంది. ఆ చెంపను నేను చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. కానీ నా బుర్రంతా సార్ మీదే ఉంది. ఇంతలో ఎవరో తలనొప్పి బిళ్ళలకని వస్తే అటు తిరిగాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే సార్ సరుకు కోసం మద్రాసు వెళ్ళారు. ఆ రోజే వెంకటముని షాపుకు వచ్చాడు. తెల్లటి బట్టలు, నుదుట విభూతి, మెత్తటి మాట. నన్ను ఎప్పుడూ చెల్లెలా అనే పిలిచేవాడు, నేనూ అన్నా అనేదాన్ని.

"చెప్పుకోవాలంటే సిగ్గవతా ఉండాది చెల్లెలా" అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆడమనిషి దినామూ ఈడికొచ్చి నిలబడతా ఉంటే బజార్లో జనం నవ్వతా ఉండారు. మీ సార్ చూపు ఎట్లాంటిదో నీకు మాత్రం తెలీదా? ఒగేసారి మూడు దినాలకు ఇచ్చేయి. నేనే తీసకపోతా."

నా అనుమానం నిజమేనని ఇంకొక మనిషి నోట విన్నందుకు నాకెంత సంతోషమేసిందో! ఒక ఆడమనిషిని కాపాడుతున్నానని పొంగిపోయాను. మిక్చరు కలిపి పెద్ద సీసాలో పోసి, కాగితానికి తొమ్మిది గాట్లు కత్తిరించి, నా చేత్తో అంటించి, నా చేత్తోనే అతనికి ఇచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం సార్ మద్రాసు నుంచి దిగారు. సంచీ ఇంకా కింద పెట్టకముందే అడిగారు.

"జ్ఞానమ్మ వస్తా ఉండాదా?"

"లేదు సార్. రానక్కర్లేదు. మూడు రోజులకూ కలిపి ఒకేసారి ఇచ్చాను" అన్నాను తలెత్తి. "ఆ మిక్చరు నిలవుంటుంది సార్. మేమూ చదువుకున్నాం."

"ఎవురికిచ్చినావు?"

"వాళ్ళాయనకే."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. "ఎంత పని చేసినావమ్మా! నేను దాన్ని మందు కోసం రమ్మన్నాననుకున్నావా? బతికుండాదో లేదో చూసుకునేదానికి రమ్మన్నా. గాజులు ఎన్ని పగిలినాయో చూసుకునేదానికి రమ్మన్నా" అన్నారు. మిట్టమధ్యాహ్నం షాపు మూసి ఆయన పరుగులాంటి నడకతో పోతుంటే వెనకే వెళ్ళాను.

ఇంటికి బయట తాళం వేసి ఉంది. "ఊరికి పోయిందని ఆయన చెప్పినాడే" అంది పక్కింటామె. సార్ కిటికీ రెక్కకు నోరు ఆనించి "జ్ఞానమ్మా, నేనమ్మా, మందు తెచ్చినా" అని పిలిచారు. లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది. రోకలి అడిగి తెచ్చి ఆయనే తాళం పగలగొట్టారు. జ్ఞానమ్మ వంటింటి గోడకు ఆనుకుని పడి ఉంది. కుడిచెయ్యి విరిగి వేలాడుతోంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవులు ఎండి పగిలాయి. నేనిచ్చిన సీసా గూట్లో ఉంది. అందులో ఒక్క గాటు కూడా మందు దిగలేదు.

పెద్దాస్పత్రిలో చేర్చాం. పోలీసు స్టేషన్లో "మొగుడూ పెళ్ళాం గొడవల్లో మీరెందుకు దూరినారు సార్?" అని ఆయన్నే అడిగి, మెట్ల మీద నుంచి పడిందని రాసుకున్నారు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"నాకు ముందే చెప్పి ఉండొచ్చు కదా సార్?"

"వాడు నిన్ను చెల్లెలా అంటాడు, నువ్వు వాణ్ణి అన్నా అంటావు. ఏమని నమ్మేదమ్మా?" అన్నారు నేల చూస్తూ. "చిత్తూర్లో పని చేసేటప్పుడు ఒగామెను నలుగురి ముందర అడిగేసినా, ఎవురు కొట్టినారని. ఆమె మళ్ళా షాపు గడప తొక్కలేదు. మగోడు అడిగితే చెప్పరు, ఆడపిల్లయితే అడగతాదని నిన్ను పెట్టుకున్నా. నీ మీద నమ్మకం కుదిరినాక చెప్దామని ఆగినా. నాదీ తప్పే."

లోపలికి వెళ్ళి జ్ఞానమ్మ మంచం పక్కన నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసిన సంగతే అడిగాను.

"ఎవరు కొట్టారు జ్ఞానమ్మా?"

తెరుచుకున్న ఒక్క కంటితోనే ఆమె నా వైపు చూసింది. "ఈ మాట ఆ పొద్దే అడగతారనుకున్నానమ్మా" అంది. "సార్ లోపలికి పోంగానే నా దగ్గరికి వచ్చినారే, ఆ పొద్దు. అంతా చెప్పేద్దామనే నిలబడినా. మీరు సార్ గురించి అడిగినారు."

అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేదనిపించింది. నెల తిరక్కముందే పులికాట్ వైపు నుంచి వాళ్ళన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. చెయ్యి వంకరగానే అతుక్కుందని తర్వాత తెలిసింది. వెంకటముని తన షాపులో తెల్లబట్టలతో అట్లాగే కూర్చున్నాడు. చెల్లెలా అని పలకరించబోతే నడిబజార్లో నోరు మూసుకోమన్నాను. ఆ పాటి ధైర్యం వల్ల జ్ఞానమ్మకు ఒరిగిందేమీ లేదు.

తర్వాత తిరుపతిలో ఒక ఆస్పత్రి మందుల కౌంటరులో ఉద్యోగం దొరికింది, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. కమిలిన చెంపతోనో, కట్టు కట్టిన చేతితోనో ఎవరైనా వస్తే, మందు ఎట్లా వాడాలో చెప్తానని పక్కకు పిలిచి, వెంట వచ్చిన మగవాడికి వినపడకుండా అడిగేదాన్ని: "ఇంట్లో ఎవరైనా కొడతారా అమ్మా?" కొందరు తిట్టారు. "నా మొగుడు దేవుడు, నీకేం పోయేకాలం?" అని ఒకావిడ అందరి ముందూ కేకలేసింది. ఆమె చెప్పినట్టు నిజంగానే తలుపు తగిలిందేమో. చేతులు జోడించి తప్పయిందన్నాను, మర్నాడు ఇంకొకామెను అడిగాను. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు, ఇరుగుపొరుగును ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఎక్కువమంది లేదనే అంటారు. లేదన్నాక నేను వెంటనే అటు తిరగను. ఆమె కదిలేదాకా, నేనూ అక్కడే నిలబడతాను.